సిబ్బంది ఫోన్లలో ఆఫీసు మెయిల్: ఫోన్ పోయిన రోజును దృష్టిలో పెట్టుకుని సర్వీస్ ఎంచుకోండి

సిబ్బంది ఫోన్లకు ఏ మెయిల్ సర్వీస్ తీసుకోవాలని మీరు రాసి అడిగారు. మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. నలభై మంది దాకా సిబ్బంది. అందులో సగం మంది రోజంతా బయట తిరిగే సేల్స్, సర్వీస్ వాళ్లు. ఫోన్లు ఎవరివి వాళ్లవే. వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు వచ్చిన మెయిల్‌నే ఇప్పటిదాకా వాడుతున్నారు. మెయిల్స్ ఆలస్యంగా వస్తున్నాయి, ఫోన్‌లో చదివేసినవి కంప్యూటర్‌లో చదవనట్టే కనిపిస్తున్నాయి, కొన్ని అసలు దొరకడమే లేదు. ఇప్పుడు గూగుల్, మైక్రోసాఫ్ట్, జోహో ప్లాన్ల పట్టికలు ముందేసుకుని ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈ మూడింటిలో ఏది తీసుకున్నా మెయిల్ వస్తుంది, పోతుంది. రోజువారీ వాడకంలో మీకు పెద్ద తేడా తెలియదు. తేడా బయటపడేది రెండు సందర్భాల్లో: ఎవరి ఫోనైనా పోయినప్పుడు, ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు. ఆ రోజు మీ అడ్మిన్ (అందరి మెయిల్ అకౌంట్లు చూసుకునే మనిషి) కూర్చున్న చోటి నుంచే, ఆ మనిషి సొంత ఫొటోల జోలికి పోకుండా, కంపెనీ మెయిల్‌ను మాత్రమే ఆ ఫోన్‌లోంచి తీసేయగలగాలి. ఈ పని చేయగలిగే ప్లాన్ మీ బడ్జెట్‌లో ఏ కంపెనీ దగ్గరుందో చూసి అదే తీసుకోండి. ఇన్‌బాక్స్ ఎన్ని జీబీలు, రంగులు ఎలా ఉన్నాయి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

ముందు ఇప్పటి మీ ఇబ్బందికి కారణం చూద్దాం. అది తెలియకుండా సర్వీస్ మారిస్తే అదే ఇబ్బంది కొత్త సర్వీస్‌లోకీ వస్తుంది. మీ వాళ్లలో కొందరి అకౌంట్లు పాప్ పద్ధతిలో సెటప్ అయి ఉంటాయని నాకు దాదాపు నమ్మకం. ఒక మనిషికి ఒకే కంప్యూటర్ ఉన్న కాలానికి చేసిన పద్ధతి అది. సర్వర్ నుంచి మెయిల్‌ను దించుకోవడమే దాని పని. చాలా సెటప్‌లలో దించుకున్నాక సర్వర్‌లో కాపీ కూడా ఉండదు. అందుకే ఆఫీసు కంప్యూటర్ పొద్దున్నే దించేసుకున్న మెయిల్ మధ్యాహ్నం ఫోన్‌లో కనపడదు. ఐమ్యాప్ అనే ఇంకో పద్ధతిలో అయితే మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. చదివినదీ, చదవనిదీ, ఏ ఫోల్డర్‌లో వేశారో కూడా అన్ని చోట్లా ఒకేలా కనిపిస్తుంది. కొత్త సర్వీస్ కొనేలోపు ప్రతి ఫోన్, ప్రతి కంప్యూటర్ తెరిచి పాప్ ఎక్కడెక్కడ ఉందో రాసి పెట్టుకోండి. పాప్‌తో దించుకున్న పాత మెయిల్స్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి. సెట్టింగులు మార్చకముందే వాటిని బ్యాకప్ తీయండి. సర్వర్ నుంచి సర్వర్‌కు మార్చే టూల్స్‌కు అవి కనిపించవు. మైగ్రేషన్, అంటే కొత్త సర్వీస్‌కు మారడం, అంతా అయిపోయాక, పాత కొటేషన్ ఏదో కావాల్సి వచ్చినప్పుడే ఆ లోటు తెలుస్తుంది.

ఇక ఆలస్యం సంగతి. కొత్త మెయిల్ రాగానే సర్వర్ తనంతట తాను ఫోన్‌కు చెప్పడం పుష్. ఫోనే కొంతసేపటికోసారి వెళ్లి అడిగి తెచ్చుకోవడం ఫెచ్. పుష్ వల్లే బ్లాక్‌బెర్రీకి అంత పేరు వచ్చింది. 1999లో వచ్చిన ఆ చిన్న పరికరంలో మెయిల్ దానంతట అదే వచ్చి పడేది. అయితే ఆ మెయిల్ అంతా ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్ మీదుగానే నడిచేది. 2011 అక్టోబర్‌లో ఆ నెట్‌వర్క్ దెబ్బతిన్నప్పుడు చాలా దేశాల్లో కొన్ని రోజులపాటు మెయిల్ ఆగిపోయింది. 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సర్వీసే ముగిసింది. ఈలోగా మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్ఛేంజ్ యాక్టివ్‌సింక్ అనే పద్ధతితో పుష్ మామూలు ఫోన్లలోకీ వచ్చేసింది. ఫోన్ సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ పంపి దాన్ని తెరిచే ఉంచుతుంది, కొత్త మెయిల్ వచ్చినప్పుడే సర్వర్ జవాబిస్తుంది. ఇప్పటికీ చాలా ఫోన్లలో ‘ఎక్స్ఛేంజ్’ అని కనిపించే అకౌంట్ రకం ఇదే.

ఐమ్యాప్‌లోనూ పుష్ లాంటిది లేకపోలేదు. ఐడిల్ అనే పద్ధతి 1997 నుంచి ఉంది. దానికి ఫోన్, సర్వర్ మధ్య కనెక్షన్ ఎప్పుడూ తెరిచి ఉండాలి, అరగంట లోపు మళ్లీ మళ్లీ తాజా చేస్తూ ఉండాలి. ఇప్పటి ఫోన్లు బ్యాటరీ కోసం దానికి ఒప్పుకోవు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి, అంటే 2015 నుంచి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనులను సిస్టమే ఆపి ఉంచుతుంది. ఐఫోన్‌లో ఆపిల్ సొంత మెయిల్ యాప్ ఐడిల్ వాడదు. మామూలు ఐమ్యాప్ అకౌంట్ అయితే పదిహేను నిమిషాలకో, అరగంటకో, గంటకో వెళ్లి చూసుకోవడమే. జీమెయిల్ అకౌంట్‌ను ఆ యాప్‌లో పెట్టుకున్నా అంతే. అదే అకౌంట్‌ను జీమెయిల్ యాప్‌లో పెడితే వెంటనే నోటిఫికేషన్ వస్తుంది, ఎందుకంటే ఆ కబురు ఆపిల్ పుష్ సర్వీస్ ద్వారా వస్తుంది. సర్వీస్ మారినా మెయిల్ ఆలస్యంగానే వస్తోందని బాధపడేవాళ్లలో చాలామంది దగ్గర తేడా ఉండేది సర్వీస్‌లో కాదు, యాప్‌లో. కాబట్టి సర్వీస్‌తో పాటు యాప్‌ను కూడా మీరే నిర్ణయించండి. గూగుల్ అయితే జీమెయిల్ యాప్, మైక్రోసాఫ్ట్ అయితే ఔట్‌లుక్ యాప్, జోహో అయితే జోహో మెయిల్ యాప్. ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకోవచ్చు అనకండి.

ఇలా పట్టుబట్టడానికి నాకు ఇంకో బలమైన కారణం ఉంది. ఏ ఐమ్యాప్ అకౌంట్‌కైనా తక్షణ నోటిఫికేషన్ ఇస్తామని చెప్పే బయటి మెయిల్ యాప్‌లు చాలావరకు మీ మెయిల్‌ను ముందు తమ సర్వర్‌లోకి తెచ్చుకుంటాయి. అలా చేయాలంటే మీ లాగిన్ వివరాలో, అనుమతి టోకెనో (పాస్‌వర్డ్ బదులు యాప్‌కు ఇచ్చే డిజిటల్ పాస్) వాళ్ల దగ్గర ఉండాలి. అంటే మీకు ఒప్పందమే లేని మూడో కంపెనీ మీ కస్టమర్ల ఉత్తరాలు చదవగలిగే స్థితిలో ఉంటుంది, మీ ఉద్యోగి ఒక్క ట్యాప్‌తో ఇచ్చిన అనుమతి వల్ల. ఇక్కడ ఉద్యోగిని తప్పు పట్టలేం. గూగుల్‌లోనూ, మైక్రోసాఫ్ట్‌లోనూ బయటి యాప్‌లకు సిబ్బంది సొంతంగా అనుమతి ఇవ్వకుండా ఆపే సెట్టింగ్ అడ్మిన్ చేతిలో ఉంది. మొదటి రోజే దాన్ని సరిచేయండి.

ఇప్పుడు అసలు విషయం. సిబ్బంది సొంత ఫోన్లలో ఆఫీసు మెయిల్ పెడుతున్నారంటే, వాళ్ల ఆస్తిలో మీ ఆస్తి ఉంచుతున్నారన్నమాట. దాన్ని వెనక్కి తీసుకునే దారులన్నీ ఒకేలా ఉండవు.

మొదటి దారి ఫోన్‌లో ముందే ఉన్న మెయిల్ యాప్. అందులో యాక్టివ్‌సింక్‌తో అకౌంట్ పెట్టినప్పుడు చాలా ఫోన్లు ‘ఈ ఫోన్‌లోని సమాచారమంతా చెరిపే హక్కు సర్వర్‌కు ఇస్తారా’ అని అడుగుతాయి. అందరూ సరే అని నొక్కేస్తారు. తర్వాత అడ్మిన్ రిమోట్ వైప్ (దూరం నుంచే చెరపడం) నొక్కితే పిల్లల ఫొటోలు, సొంత మెసేజ్‌లు, అన్నీ కలిపి ఫోన్ మొత్తం ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. ఆ ఒక్క అకౌంట్‌ను మాత్రమే చెరిపే సౌకర్యం యాక్టివ్‌సింక్ 16.1 వెర్షన్‌తో వచ్చింది, కానీ ఫోన్‌లోని యాప్ కూడా ఆ వెర్షన్‌కు సిద్ధంగా ఉండాలి. సొంత ఫోన్ల మీద పూర్తి వైప్ ఎప్పుడూ చేయకండి. అది మనిషి జీవితాన్ని చెరిపేయడం. అలా ఒక్కరికి జరిగిందని తెలిస్తే చాలు, ఆ తర్వాత ఎవరూ ఆఫీసు మెయిల్‌ను తమ ఫోన్‌లో పెట్టనివ్వరు, పెట్టుకున్నవాళ్లూ తీసేస్తారు.

రెండో దారి యాప్ వరకే తాళం వేయడం. ఫోన్లను, యాప్‌లను అడ్మిన్ నియంత్రించడానికి వాడే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్‌లో ఫోన్‌ను కంపెనీ పేరిట నమోదు చేయకుండానే ఔట్‌లుక్ యాప్‌కు మాత్రం నియమాలు పెట్టొచ్చు: తెరవడానికి విడిగా పిన్ అడగడం, అందులోని అటాచ్‌మెంట్‌ను సొంత యాప్‌లోకి సేవ్ చేయనివ్వకపోవడం, మెయిల్‌లోని మాటలను కాపీ చేసి బయట అతికించనివ్వకపోవడం, అవసరమైనప్పుడు ఆ యాప్‌లోని కంపెనీ సమాచారాన్ని మాత్రమే చెరపడం. మీలాంటి సంస్థకు నాకు బాగా నచ్చేది ఇదే. అయితే ఇది మైక్రోసాఫ్ట్ బిజినెస్ ప్రీమియమ్ ప్లాన్‌లో ఉంటుంది. బిజినెస్ బేసిక్‌లో ఉండదు, అందులో సాదా స్థాయి ఫోన్ నియంత్రణ మాత్రమే ఉంటుంది. పట్టికల్లో ఇది ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ధర మాత్రం పైన పెద్దగా ఉంటుంది. మీరు కింద నుంచి చదవండి.

మూడో దారి ఫోన్‌లోనే ఆఫీసుకు విడిగా ఒక గది కట్టడం. ఆండ్రాయిడ్‌లో దీన్ని వర్క్ ప్రొఫైల్ అంటారు, 5.0 వెర్షన్ నుంచి ఉంది. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది. సాయంత్రం పని అయ్యాక ఆ భాగం మొత్తాన్ని ఒక్క బటన్‌తో నిద్రపుచ్చవచ్చు. సిబ్బంది దీన్ని ఇష్టపడటానికి కారణం అదే, రాత్రి ఆఫీసు నోటిఫికేషన్లు ఉండవు. వాళ్ల సొంత ఫోన్‌లో ఉన్న ఫొటోలు, మెసేజ్‌లు అడ్మిన్‌కు కనపడవు. ఐఫోన్‌లో దాదాపు ఇలాంటి ఏర్పాటు ఐఓఎస్ 13తో 2019లో వచ్చింది, దాన్ని యూజర్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో అకౌంట్ వరకు చెరిపే ప్రాథమిక నియంత్రణ చిన్న ప్లాన్లలోనూ ఉంది. వర్క్ ప్రొఫైల్ లాంటి పై స్థాయి నిర్వహణకు బిజినెస్ ప్లస్, ఆ పైవి చూడాలి. జోహో తీసుకుంటే పూర్తి స్థాయి ఫోన్ నిర్వహణకు వాళ్లదే అయిన మేనేజ్‌ఇంజిన్ విభాగం ఉత్పత్తి విడిగా ఉంది. ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేయండి, అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది.

ఏ దారి పట్టినా, ఒక కాగితం మీద మామూలు తెలుగులో రాసి సిబ్బంది చేతికివ్వండి: కంపెనీ ఏం చూడగలదు, ఏం చూడలేదు, ఫోన్ పోతే ఎవరికి ఫోన్ చేయాలి, మానేసేటప్పుడు ఏం చెరుపుతారు. మా ఫోన్లలోకి తొంగి చూస్తారేమో అనే అనుమానం ఒకసారి మొదలైతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా నిలబడదు. ఫోన్ పోయిందని వెంటనే చెప్పినవాళ్లను మందలించకండి కూడా. భయపడి రెండు రోజులు దాచిన ఫోన్ వల్ల వచ్చే నష్టం ఫోన్ ధరకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మనిషి మానేసినప్పుడు చేయాల్సిన పనుల వరుస కూడా ముందే రాసి పెట్టుకోండి. పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. యాప్‌లు పాస్‌వర్డ్‌తో కాదు, టోకెన్లతో నడుస్తాయి. అప్పటికే చేతిలో ఉన్న టోకెన్ కొంతసేపు పనిచేస్తూనే ఉండవచ్చు. అందుకే ముందు లాగిన్‌ను ఆపండి, అన్ని సెషన్ల నుంచి సైన్ అవుట్ చేయించండి, తర్వాత ఫోన్‌లోని కంపెనీ సమాచారం చెరపండి. అకౌంట్‌ను మాత్రం ఆ రోజే డిలీట్ చేయకండి. గూగుల్‌లో డిలీట్ చేసిన యూజర్‌ను తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజులు గడువు ఉంటుంది. ఆ తర్వాత ఆ కస్టమర్లతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ పోయినట్టే. మైక్రోసాఫ్ట్‌లో ఆ మెయిల్‌బాక్స్‌ను షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (ఎవరి లాగిన్‌తో వాళ్లు తెరవగలిగే ఉమ్మడి మెయిల్‌బాక్స్) మార్చేస్తే 50 జీబీ వరకు విడిగా లైసెన్స్ అక్కర్లేదు, మేనేజర్ చూసుకోవచ్చు. ఏ ప్లాన్ పట్టికలోనూ పెద్దగా చెప్పని ఈ ఒక్క సౌకర్యం మనుషులు తరచూ మారే సేల్స్ టీమ్‌కు చాలా ఆదా చేస్తుంది.

లాగిన్ గురించి. తన మెయిల్ సర్వీస్ అయిన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి పాస్‌వర్డ్ ఒక్కటే పంపే పాత పద్ధతిని ఆపేస్తూ వచ్చింది, గూగుల్ కూడా అదే దారి పట్టింది. మంచిదే, కానీ మీ ఆఫీసులో స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్, బిల్లులు పంపే పాత సాఫ్ట్‌వేర్ ఉంటే అవి కొత్త సర్వీస్‌లో పనిచేస్తాయో లేదో ముందే చూసుకోండి. రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి చేయండి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ కంటే లాగిన్ కోడ్‌లను ఫోన్‌లోనే చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు, దానికంటే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ పిన్‌తోనో లాగిన్ అవడం) మేలు. సిమ్‌ను మోసంతో వేరొకరు తమ పేరుకు మార్పించుకుంటే ఎస్‌ఎంఎస్ వాళ్లకే పోతుంది. ఫోన్ పోతే ఆథెంటికేటర్ కూడా దాంతోనే పోతుంది కాబట్టి బ్యాకప్ కోడ్‌లు ఎక్కడ ఉంటాయో, అడ్మిన్ కొత్త ఫోన్‌ను ఎలా చేరుస్తారో ముందే తేల్చుకోండి. అడ్మిన్లు కనీసం ఇద్దరు ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట: డొమైన్ పేరు రిజిస్ట్రార్ (దాన్ని నమోదు చేసే కంపెనీ) దగ్గర మీ సంస్థ పేరిట, మీ చేతిలో ఉన్న అకౌంట్‌లో ఉందా? వెబ్‌సైట్ చేసిచ్చిన వాళ్ల పేరిట ఉండిపోయిన సంస్థలను చాలా చూశాను. మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు మీద చివరి పట్టు ఆ అకౌంట్ ఉన్నవాళ్లదే. అది మీ చేతిలో లేకపోతే ఎంత మంచి సర్వీస్ కొన్నా మీ మెయిల్ మీది కాదు.

సేల్స్, సపోర్ట్ లాంటి ఉమ్మడి అడ్రస్‌ల పాస్‌వర్డ్‌ను నలుగురికి పంచే అలవాటు ఉంటే ఈ మార్పుతో మానేయండి. ఎవరు జవాబిచ్చారో తెలియదు, ఒకరు మానేస్తే అందరి ఫోన్లలో పాస్‌వర్డ్ మార్చాలి. షేర్డ్ మెయిల్‌బాక్స్ గానీ, గ్రూప్ గానీ వాడండి. కంప్యూటర్‌లో చక్కగా ఉన్న ఈ సౌకర్యం ఫోన్ యాప్‌లో ఎలా ఉందో మీ చేత్తో చూశాకే నమ్మండి. మీ వాళ్లలో సగం మంది రోజంతా చూసేది ఫోనే కదా.

అటాచ్‌మెంట్ల విషయంలో ఒక్క లెక్క గుర్తుంచుకోండి. జీమెయిల్‌లో పరిమితి 25 ఎంబీ అంటారు, కానీ ఫైల్‌ను మెయిల్‌లో ఇమిడ్చేటప్పుడు దాని సైజు మూడో వంతు పెరుగుతుంది. మీరు పంపగలిగినా అవతలి సర్వర్ పరిమితి చిన్నదైతే తిరిగొస్తుంది. సైట్ ఫొటోలు, వీడియోలు పంపే సర్వీస్ టీమ్‌కు ఫైల్‌ను ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టి దాని లింక్ పంపడం నేర్పండి. స్టోరేజ్ మీద ఎక్కువ ఆలోచించొద్దు. గూగుల్ చిన్న ప్లాన్‌లో మనిషికి 30 జీబీ, మైక్రోసాఫ్ట్ బిజినెస్ ప్లాన్లలో కనీసం 50 జీబీ. బయట తిరిగే వాళ్లకు అది చాలా ఎక్కువ.

సొంత సర్వర్ పెట్టుకుంటే ఎలా ఉంటుందని మీవాళ్లెవరో అన్నారని రాశారు. వద్దనే చెబుతాను. సర్వర్ నడపడం కంటే అందులోంచి వెళ్లిన మెయిల్ అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో పడేలా చూసుకోవడం కష్టం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పంపేవాళ్ల మీద నియమాలు ఇంకా గట్టి చేశాయి. మీరు ఏ సర్వీస్ తీసుకున్నా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టించుకోవాలి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని అవతలి సర్వర్ సరిచూసుకునేది వీటితోనే. లేకపోతే మీ కొటేషన్లు స్పామ్‌లోకి పోవచ్చు. న్యాయ, వైద్య రంగాల్లో ఉండి గోప్యత అన్నిటికంటే ముఖ్యమైతే ప్రోటాన్ మెయిల్ చూడొచ్చు, కానీ ఫోన్‌లో వాళ్ల సొంత యాప్ తప్ప మామూలు ఐమ్యాప్ కుదరదు, అది తెలిసే తీసుకోండి.

ఇక మీ విషయానికి నా సలహా. ఆఫీసులో వర్డ్, ఎక్సెల్ లేకుండా పని నడవదు, సొంత ఫోన్లే ఎక్కువ, మనుషులు తరచూ మారతారు అన్నారు. మైక్రోసాఫ్ట్ బిజినెస్ ప్రీమియమ్ మీకు సరిపోతుంది. అందరికీ అదే తీసుకోవడం భారమైతే ఆఫీసులో కూర్చునే వాళ్లలో కొందరికి బేసిక్ ఇచ్చి, వాళ్ల మెయిల్‌ను కంప్యూటర్‌కే పరిమితం చేయండి. ప్రీమియమ్ బయట తిరిగే వాళ్లకు ఇవ్వండి. చాలామంది ఖర్చు తగ్గించడానికి దీనికి తలకిందులుగా చేస్తారు, ఫోన్ పోయే అవకాశం ఎవరికి ఎక్కువో ఆలోచించరు. మీ వాళ్లంతా బ్రౌజర్‌లోనే పని చేసేవాళ్లైతే, ఫోన్లు ఎక్కువగా ఆండ్రాయిడ్ అయితే గూగుల్ చెప్పేవాడిని.

కొనే ముందు ట్రయల్‌లో అయిదారుగురితో వాడి చూడండి. వాళ్లలో అందరికంటే పాత ఫోన్ ఉన్నవాళ్లు, సిగ్నల్ సరిగా లేని చోట్ల తిరిగేవాళ్లు తప్పక ఉండాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో తయారీ కంపెనీ పెట్టిన బ్యాటరీ సేవర్ మెయిల్ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. ఆ యాప్‌కు మినహాయింపు ఇచ్చి చూడండి. నెట్ ఆపేసి నిన్నటి మెయిల్, దాని అటాచ్‌మెంట్ తెరుచుకుంటాయేమో చూడండి. చివరగా, ట్రయల్‌లో ఉన్న ఒకరికి చెప్పి, వాళ్ల ఫోన్ పోయిందనుకుని వైప్ చేయండి. మెయిల్ మాత్రమే పోయిందా, ఎంతసేపట్లో పోయింది, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే ఏమైంది, అన్నీ రాసుకోండి. అమ్మేవాళ్ల ప్రెజెంటేషన్‌లో ఈ జవాబులు దొరకవు.

మారే రోజు నెలాఖరు, బిల్లింగ్ వారం కాకుండా చూసుకోండి. ఒకటి రెండు రోజుల ముందే ఎమ్ఎక్స్ రికార్డు టీటీఎల్‌ను (పాత వివరాన్ని ఇతర సర్వర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) తగ్గించి పెడితే మార్పు త్వరగా అన్ని చోట్లా తెలుస్తుంది. మార్చాక కూడా కొంతకాలం కొన్ని మెయిల్స్ పాత సర్వర్‌కు వెళ్లొచ్చు, కాబట్టి పాత హోస్టింగ్‌ను కనీసం నెల రోజులు రద్దు చేయకుండా ఉంచి, రోజూ ఎవరో ఒకరు తెరిచి చూసేలా పని అప్పగించండి. ట్రయల్‌లో ఏ ఫోన్ దగ్గరైనా చిక్కు వస్తే ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్, ఏ యాప్‌లో పెట్టారో రాయండి, చూసి చెబుతాను.